తుప్పల్లో నడిచి చూడాల్సిన అడవి

అడవి చూడ్డానికి పోదామంటే కర్నూలు, కడప జిల్లాల్లో అందరి చూపూ నల్లమల వైపే పోతుంది. సిద్ధవటం, బద్వేలు ప్రాంతాల్లో లంకమల కొండల అంచున పరుచుకున్న కలివి, రేగు, తుమ్మ తుప్పలు చాలామంది లెక్కలో అడవే కాదు, మేకలు మేసే బీడు. కానీ నిదానంగా నడుస్తూ ప్రాణుల్ని గమనించడం నేర్చుకోవాలనుకునేవాళ్ళకు రాయలసీమలో ఇంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం. అందుకు మొదటి సాక్ష్యం కలివికోడి. జెర్డాన్ అనే వైద్యుడి వల్ల 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పిట్ట, 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ బృందానికి అది రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టిందీ అక్కడి మనిషే. అది ఎక్కడో కీకారణ్యంలో లేదు, జనం తిరిగే తుప్పల్లోనే ఉంది. రెండేళ్ళకు, 1988లో, లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

పగలు పొదల కింద దాగి, చీకటిపడ్డాక మేతకు తిరిగే పిట్ట జాడ తీయడం తేలిక కాదు. పరిశోధకులు పొదల సందుల్లో మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక దాని మీద పడ్డ అడుగుల్ని పరీక్షించారు. కలివికోడికి వెనకవేలు ఉండదు, ముందుకు చాచిన మూడువేళ్ళ గుర్తే పడుతుంది. ఆ గుర్తులు, ఆటోమేటిక్ కెమెరాలు చెప్పిన సంగతి విలువైనది: పొదలు మరీ ఒత్తుగా ఉన్నా, మరీ పలచబడినా ఆ పిట్ట నిలవదు. హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. కాబట్టి “ఈ బీట్లో చెట్లు నాటితే నిజమైన అడవి అవుతుంది కదా” అనేవాళ్ళ ఉద్దేశం మంచిదే గానీ, ఆ పని జరిగితే ఉన్న ఇల్లు పోతుంది. కర్నూలు వైపు రోళ్ళపాడు గడ్డిమైదానానిదీ ఇదే తీరు. బట్టమేక పిట్ట కోసం కేటాయించిన ఆ నేలకు కావాల్సింది గడ్డి, నీడ కాదు.

“అంతదూరం పోతే కనబడేదేముంది?” అన్న ప్రశ్న సహజమే. కలివికోడి కనబడదు, దాని కోసం పోనూకూడదు. కౌజులు, నెమళ్ళు కనబడతాయి. ఎలుగు తవ్విన చెదపుట్ట, కొండవాలున ఎర్రచందనం కనబడవచ్చు. వేటినీ వెంటాడకుండా నేల చదవడం అలవాటవుతుంది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది: మనుషులు పోతే ఆ కాస్త చోటూ చెడదా? చెడుతుంది, రాత్రి లైట్లతో పోయినా, పిట్ట బయటికి రావాలని దాని కూత రికార్డులు వినిపించినా. అందుకే అటవీశాఖ అనుమతితో, పగటిపూట, ఉన్న బాటల మీదనే, ఊరి కాపరినో అడవి తెలిసిన మరొకరినో వెంట తీసుకుని నడవాలి. వాళ్ళకు కూలి ముట్టాలి. ఎవరూ పోకపోవడమే రక్షణ అనుకోవడానికి మాత్రం వీల్లేదు. తెలుగుగంగ కాలువ పనులు ఈ పొదల్లోకి వచ్చినప్పుడు, అక్కడ ఏముందో అప్పటికే తెలిసినవాళ్ళు ఉన్నారు గనుకనే అభ్యంతరం చెప్పగలిగారు, కాలువ దారి మార్పించగలిగారు. రేపు మరో రోడ్డో క్వారీయో వస్తే అడ్డుచెప్పాల్సింది ఈ తుప్పల్ని నడిచి ఎరిగిన బద్వేలు, కడప జనమే.