సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం

కుక్కర్ రెండో విజిల్ వేస్తుంటే ఫోను మోగుతుంది. "చెల్లెమ్మా, కంగారు పడకు, చిన్న దెబ్బే, ఆస్పత్రికి తీసుకొచ్చాం" అంటారు అవతలివాళ్లు. పని దగ్గర ప్రమాదం జరిగితే ఇంటికి కబురు ఎప్పుడూ ఇలాగే వస్తుంది. అది చిన్న దెబ్బో పెద్ద దెబ్బో ఆస్పత్రి గుమ్మం ఎక్కితే గానీ తెలియదు. స్టవ్ ఆపేసి, పక్కింటావిడకు పిల్లల్ని అప్పజెప్పి, బీరువాలో ఉన్న నాలుగు వందలూ కొంగున కట్టుకుని పరిగెత్తేది మనమే. అక్కడ వరండాలో మేనేజరో, మేస్త్రీయో, ఓనరుగారి బామ్మర్దో ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉంటాడు. సంతకం పెట్టాల్సిందీ చాలాసార్లు మనమే.

పెద్ద ప్రమాదమైతే లోకమంతా కదులుతుంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలో 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఇంకో మందుల ఫ్యాక్టరీ పేలి యాభై మందికి పైగా పోయారు. మంత్రులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి, పరిహారం మాట పేపర్లో పడింది. కానీ రైసు మిల్లు బెల్టులో చెయ్యి పడినవాడి సంగతి, సెంట్రింగు చెక్క మీంచి జారి నడుం విరిగినవాడి సంగతి ఏ పేపర్లో వస్తుంది? పలాసలో జీడిపిక్కల జీడి తగిలి చేతులు బొబ్బలెక్కిన అమ్మాయినీ, గుంటూరులో మిరపకాయల తొడిమలు తీస్తూ కళ్లు తిరిగి పడిన పెద్దావిడనూ ఎవరు అడుగుతారు? వాళ్లందరికీ చట్టం ఉంది. చట్టం ఉన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకపోవడమే ఓనర్లకు కలిసొస్తోంది.

మా వీధిలో జాకెట్లు కుట్టే ఒకావిడ ఉంది. వాళ్లాయన సామిల్లులో పని. 2024లో రంపం కింద కుడి బొటనవేలు పోయింది. అప్పటికి అతనికి ముప్ఫై నిండాయి. నాలుగో రోజున ఆమె ఒక కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అక్కా, మీరు కథలు రాస్తారుగా, ఇందులో ఏముందో చదివి పెట్టండి" అంది. టైపు కొట్టించిన కాగితం. "నా అజాగ్రత్త వల్లనే దెబ్బ తగిలింది. యజమాని దయతో 20 వేలు ఇచ్చారు. ఇక మీదట నాకు ఏ హక్కూ లేదు." కింద ఎడమచేతి వేలిముద్ర. కుడిచేతికి కట్టు ఉంది కదా మరి!

"సంతకం అయిపోయింది కదక్కా, ఇంక చేసేదేముంది" అని కూర్చుంది ఆమె.

చేసేది చాలా ఉంది. పని దగ్గర దెబ్బ తగిలితే వచ్చే పరిహారాన్ని వదులుకుంటున్నానని ఏ కాగితం మీద రాసినా చట్టం ముందు చెల్లదు. ఇద్దరూ కలిసి రాజీ పడవచ్చు గానీ, ఆ రాజీని కార్మిక శాఖ అధికారి దగ్గర రిజిస్టరు చేయించాలి. మొత్తం మరీ తక్కువైతే, మోసం చేసి రాయించుకున్నదైతే ఆయన రిజిస్టరు చేయనని తోసిపుచ్చవచ్చు. వరండాలో తీసుకున్న వేలిముద్రతో ఓనరు బాధ్యత తీరిపోదు.

'అజాగ్రత్త' అన్న మాట ఎందుకు రాయిస్తారో తెలుసా? అది చూసి మనం సిగ్గుపడి ఊరుకుంటామని. పనిచేసే మనిషికి రెప్పపాటు ఏమరుపాటు లేకుండా ఉంటుందా? మామూలు అజాగ్రత్త వల్ల పరిహారం పోదు. తాగి పని చేసినా, రక్షణ కోసం పెట్టిన తొడుగును కావాలని తీసేసినా, రక్షణ కోసం పెట్టిన ఆజ్ఞను కావాలని ధిక్కరించినా అప్పుడు ఓనరు కాదనవచ్చు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా ఏ పనికీ పనికిరాకుండా పోయినా ఆ సాకులు కూడా చెల్లవు.

లెక్క ఇలా కడతారు

దెబ్బల పరిహారానికి మన దేశంలో చట్టం కొత్తదేం కాదు, 1923 నాటిది. మొదట దాన్ని వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం అనేవారు, 2010 నుంచి ఉద్యోగుల పరిహార చట్టం అన్నారు. 2025 నవంబర్ 21 నుంచి అది సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. పేర్లు మారాయి గానీ లెక్క దారి పాతదే. అంతకుముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది.

శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో హెచ్చిస్తారు. చనిపోతే జీతంలో 50 శాతం తీసుకుంటారు. వయసు తక్కువైతే అంకె ఎక్కువ. ముప్ఫై నిండినవాళ్లకు 207.98, నలభై నిండితే 184.17, యాభైకి 153.09. వేలో కన్నో పోతే అందులో శాతం ఇస్తారు. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడువేలికి 14, ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. శరీరాన్ని ఇలా ముక్కలుగా ధర కట్టడం చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. కానీ ఆ పట్టికే లేకపోతే ఓనరు నోటికొచ్చిందే ధర.

సామిల్లు అతనికి నెలకు 12 వేలు. అందులో 60 శాతం 7,200. దాన్ని 207.98తో హెచ్చించి, అందులో 30 శాతం తీస్తే 4,49,236 రూపాయలు వస్తుంది. ఓనరు ఇచ్చింది 20 వేలు! పైగా, జీతం 8 వేలే అని వాదించాడు. అదే నిజమైతే పరిహారం 2,99,491కి దిగిపోతుంది. తేడా లక్షన్నర. ఆ లక్షన్నరను నిలబెట్టింది ఒక చిన్న నోటు పుస్తకం. వారం వారం ఇచ్చే కూలి ఎంతో రాసి మిల్లు గుమాస్తా పొట్టి సంతకం గీకేవాడు. ఆమె దాన్ని పోపుల డబ్బా వెనక దాచింది, కిరాణా పద్దులు వెనక పేజీల్లో రాసుకోవడానికి.

అందుకే చెబుతున్నాను, మన ఇంట్లోంచి పనికి వెళ్లేది ఎవరైనా, మీరే అయినా సరే, జీతం ఎంతో రుజువు చేసే కాగితం ముక్క ఒకటి ఇంట్లో ఉండాలి. జీతం చీటీ, బ్యాంకు పాసుబుక్కు, హాజరు కార్డు, ఓవర్‌టైమ్ గురించి సూపర్‌వైజరు పంపిన వాట్సాప్ మెసేజీ, ఏదైనా సరే. ప్రమాదం జరిగాక ఆస్పత్రిలో చీటీ రాసేటప్పుడు 'ఇంట్లో జారిపడ్డాడు' అని రాయించే ఓనర్లు ఉన్నారు, జాగ్రత్త. ఎక్కడ, ఏ పని చేస్తుండగా తగిలిందో డాక్టరుకు మీ నోటితో చెప్పి ఆ మాటే రాయించండి. మందుల బిల్లులు పారేయకండి, వైద్యానికి అయిన అసలు ఖర్చు కూడా యజమానే ఇవ్వాలి. 2020 జనవరిలో లెక్కకు తీసుకునే జీతం పరిమితిని నెలకు 15 వేలుగా నిర్ణయించారు. అంతకన్నా ఎక్కువ జీతగాళ్లకూ 15 వేల మీదే లెక్క అన్నమాట.

కాలు విరిగి మంచం మీద ఉండి, తర్వాత కోలుకునేవాళ్లకు దారి వేరు. జీతంలో నాలుగో వంతు చొప్పున పదిహేను రోజులకోసారి ఇవ్వాలి, గరిష్ఠంగా ఐదేళ్ల వరకు. ఇది చాలా తక్కువేనని నా అభిప్రాయం. సగం జీతంతో ఇల్లు గడపమంటే ఆ చట్టం రాసినవాళ్లు ఎప్పుడైనా నెలాఖరులో కూర వండారా అనిపిస్తుంది.

ఈఎస్ఐ ఉందా, లేదా?

పది మంది, అంతకుమించి పనిచేసే చోట ఈఎస్ఐ ఉండాలి. 2017 జనవరిలో పెట్టిన జీతం పరిమితి నెలకు 21 వేలు. జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కలుపుతాడు. ఈఎస్ఐ ఉన్నవాళ్లు యజమాని దగ్గర పైన చెప్పిన పరిహారం అడగలేరు, కార్పొరేషనే చూస్తుంది. చూసేది కూడా మెరుగ్గానే. కోలుకునే దాకా జీతంలో 90 శాతం వస్తుంది. శాశ్వత లోపం ఉంటే నెల నెలా పింఛను, చనిపోతే ఆధారపడినవాళ్లకు పింఛను. మామూలు జబ్బుకైతే ఇన్ని రోజుల చందా ఉండాలని షరతు ఉంది గానీ పని దెబ్బకు లేదు. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా హక్కే.

'మీవాడిని ఈఎస్ఐలో చేర్చలేదు' అంటే హతాశులు కాకండి. చేర్చకపోవడం యజమాని తప్పు, దానికి కార్మికుడి నోరు కొట్టడానికి వీల్లేదు. జీతంలో కోసి కట్టకపోయినా అంతే. కార్పొరేషన్ మనకు ఇచ్చి, ఆయన దగ్గర వసూలు చేసుకుంటుంది. నంబరు మాత్రం ఇవాళే అడిగి రాసి పెట్టుకోండి. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి ముందు నిలబడి, నంబరు కోసం ఫ్యాక్టరీకి ఫోన్ మీద ఫోన్ చేసుకునే ఆడవాళ్లు ఎంతమందో! ఈఎస్ఐ ఉచిత ఫోను 1800-11-2526.

కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడని మిల్లువాళ్లు చేతులు దులుపుకుంటారు. ఎవరి పని జరుగుతోందో ఆ అసలు యజమానే ముందు ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. లారీ డ్రైవరు, క్లీనరు విషయంలో రెండు దారులున్నాయి, మోటారు వాహనాల చట్టం కింద కేసు గానీ, ఈ పరిహారం గానీ. రెండూ కలిపి అడగకూడదు. ఏది లాభమో ముందే కనుక్కోండి. స్పిన్నింగు మిల్లు దూదిపొట్టుతో వచ్చే ఊపిరి జబ్బు, రాతిపొడితో వచ్చే సిలికోసిస్ కూడా 'దెబ్బ' కిందకే వస్తాయి.

దారిలో ప్రమాదం జరిగితే? మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఒకాయన 2003లో తెల్లవారుజామున మూడు గంటల డ్యూటీకి బండి మీద వెళ్తూ పోయాడు. కింది అధికారి మూడు లక్షల పైచిలుకు ఇమ్మన్నాడు, హైకోర్టు కొట్టేసింది. 2025 జూలైలో సుప్రీం కోర్టు ఆ భార్యాపిల్లలకు న్యాయం చేసింది. ఇంటి నుంచి పనికీ, పని నుంచి ఇంటికీ వెళ్లే దారిలో జరిగిన ప్రమాదానికి పనితో సంబంధం రుజువైతే అది పని దెబ్బే అంది. కొత్త కోడ్‌లోనూ ఈ మాట ఉంది. కానీ ఇరవై రెండేళ్లు! అంతకాలం ఆ ఇల్లు ఎలా గడిచిందో ఏ తీర్పులోనూ రాయరు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఈఎస్ఐ లేనివాళ్లు వెళ్లాల్సింది జిల్లా కార్మిక శాఖ కార్యాలయానికి. అక్కడ అసిస్టెంటు కమిషనరో, డిప్యూటీ కమిషనరో ఈ కేసులు వింటారు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. చదువు రానివాళ్లు అడిగితే దరఖాస్తు అక్కడే రాయించి పెట్టాలి. పరిహారం నెలకు మించి ఆలస్యం చేస్తే యజమాని నూటికి 12 చొప్పున వడ్డీ కట్టాలి, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా పడవచ్చు.

లాయరు కావాలంటే భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఫ్యాక్టరీ కార్మికులకూ ఆ హక్కు ఉంది. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోను 15100. 'వచ్చినదాంట్లో నాకింత' అని వాటా మాట్లాడే లాయరు ఎదురైతే, అది బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధమని మర్యాదగా చెప్పండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మనిషి చనిపోతే పరిహారం డబ్బును యజమాని నేరుగా ఎవరి చేతికీ ఇవ్వకూడదు. పనిచేసే స్త్రీకి ఏకమొత్తంగా ఇచ్చే పరిహారం విషయంలోనూ అంతే. అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. చేతికిచ్చినది పరిహారం కింద జమే కాదు. భార్యకు ఎంత, పిల్లలకు ఎంత, అత్తగారికి ఎంత అని ఆ అధికారే పంచుతారు. 'వాడి డబ్బు మా చేతికివ్వండి, పిల్లల్ని మేమే చూసుకుంటాం' అని మరుదులు, మామలు ఎంత పెద్దమనుషుల్లా మాట్లాడినా ఆ పంపకం వాళ్ల చేతుల్లో లేదు. పసిపిల్లల వాటాను వాళ్ల పేరనే దాచి పెట్టించవచ్చు. పెద్దకర్మ అయ్యాక చూద్దాం, ఏడాది మాసికం అయ్యాక చూద్దాం అని ఇంట్లోవాళ్లు వాయిదా వేస్తుంటారు. రెండేళ్ల లెక్క మాత్రం ఆయన పోయిన రోజు నుంచే మొదలవుతుంది.