ఎవరి కొలతకు మన పిల్లల చదువు?

గత రంజాన్ ముగిసిన కొద్ది రోజులకు, ఇషా నమాజు తర్వాత మేము మదరసా వరండాలో కూర్చుని ఉండగా, మా పట్టణంలో ఆటో నడుపుకొనే ఒక సోదరుడు తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ అబ్బాయి చిన్ననాట మా వద్దనే నాజిరా పూర్తిచేశాడు. తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ సాయంతో కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చదివాడు. పట్టా చేతికి వచ్చి రెండేళ్లయింది. కాలేజీకి వచ్చిన కంపెనీలేవీ అతణ్ణి ఎంపిక చేయలేదు. హైదరాబాదు అమీర్‌పేటలో హాస్టలులో ఉంటూ రెండు కోర్సులు కూడా నేర్చుకున్నాడు. అక్కడి ఒక శిక్షణా సంస్థవారు ఇప్పుడు అతనికి ఒక దారి చూపారట. కొంత మొత్తం చెల్లిస్తే, అతడు ఎన్నడూ అడుగుపెట్టని ఒక కంపెనీలో మూడేళ్లు పనిచేసినట్లు అనుభవ పత్రమూ, జీతపు రసీదులూ తయారుచేసి ఇస్తారట.

“హజ్రత్, వీళ్లమ్మ గాజులు అమ్మేద్దామంటోంది. మీరొక మాట చెప్పండి” అన్నాడు తండ్రి.

అబ్బాయి తలవంచుకొని, “చాలామంది ఇలాగే చేరుతున్నారు హజ్రత్. ఫ్రెషర్‌నని చెబితే ఇంటర్వ్యూకు కూడా పిలవడం లేదు” అన్నాడు.

ఆ పత్రం అబద్ధమని చెప్పడానికి ఫత్వా అవసరం లేదు. ఆ సంగతి అబ్బాయికీ తెలుసు, అందుకే తల ఎత్తలేకపోయాడు. అయితే ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న వేరొకటి ఉన్నది. పదహారేళ్లు చదివిన యువకుడికి, తాను చదివినదాని మీద నిలబడే ధైర్యం ఎందుకు కలగలేదు? అసలు ఆ చదువును ఎవరి కొలతకు తయారుచేశారు?

పని అక్కడిది, చదువు ఇక్కడిది

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే కొంత వెనక్కి వెళ్లవలసి ఉంటుంది. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ ఎగుమతుల కోసం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను నెలకొల్పింది. ఆ దశాబ్దం చివరలో అమెరికా, ఐరోపా దేశాల బ్యాంకులను, బీమా సంస్థలను ఒక చిక్కు పట్టుకున్నది. పాత కంప్యూటర్లలో సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే వ్రాసేవారు. 2000 వస్తే యంత్రం దానిని 1900గా భ్రమపడుతుంది. కోట్ల కొద్దీ వరుసల పాత ప్రోగ్రాములను వెదికి సరిదిద్దడానికి అక్కడ మనుషులు చాలలేదు. ఆ పని మన దేశానికి వచ్చింది. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్పే సంస్థలు అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ పుట్టగొడుగుల్లా లేచాయి. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అమెరికా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 65,000 నుండి మొదట 1,15,000కు, తర్వాత 1,95,000కు పెరిగింది. తెలుగు ఇళ్లలో ‘స్టేట్స్’ అనే మాట నిత్యవ్యవహారమైపోయింది.

దీనివలన కలిగిన మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది. రేకుల ఇళ్లలో పెరిగిన పిల్లలు తల్లిదండ్రులను హజ్‌కు పంపగలిగారు. మన ఆడపిల్లలకు కూడా గౌరవంగా కూర్చొని చేసుకోగల వృత్తి ఒకటి దొరికింది. 2007 చట్టం ద్వారా బీసీ-ఇ వర్గానికి లభించిన 4 శాతం రిజర్వేషను, ఆ మరుసటి ఏడాది వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు కలిసి, అంతవరకు ఇంటర్‌తోనో మెకానిక్ షెడ్డుతోనో ఆగిపోయే వేలాది ముస్లిం పిల్లలను ఇంజనీరింగ్ కాలేజీల గుమ్మం దాటించాయి. ఆ అబ్బాయి కూడా ఆ గుమ్మం గుండా వెళ్లినవాడే.

అయితే గుమ్మం లోపల ఏమున్నదో మనం చూడలేదు.

కంపెనీ ఏమి అడిగింది, కాలేజీ ఏమి నేర్పింది

ఔట్‌సోర్సింగ్ వ్యాపారం నడిచే తీరును ముందు అర్థం చేసుకోవాలి. విదేశీ సంస్థ ఒక పనిని అప్పగిస్తుంది. ఇక్కడి కంపెనీ ఆ పనికి ఇంతమంది, ఇన్ని గంటలు అని లెక్కకట్టి డబ్బు తీసుకుంటుంది. కాబట్టి దానికి ఒకేసారి వందల మంది, వేల మంది కావాలి. వారిలో అధికులు గొప్ప మేధావులు కానవసరం లేదు. చెప్పినది తొందరగా పట్టుకోవాలి, ఇంగ్లీషులో ఈమెయిల్ వ్రాయగలగాలి, ఇచ్చిన ముక్కను ఇచ్చినట్లు పూర్తిచేయాలి. మిగిలినది కంపెనీయే నేర్పుకొంటుంది. ఇన్ఫోసిస్ మైసూరులో వేలాది మందికి ఒకేసారి శిక్షణ ఇచ్చే నగరం లాంటి ప్రాంగణాన్ని కట్టుకున్నది ఇందుకే.

దీని ఫలితం కాలేజీల మీద ఎలా పడిందో గమనించండి. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు పదో తరగతి నుండి 60 శాతం మార్కులు, ఫెయిలైన సబ్జెక్టు మిగలకపోవడం, ఆప్టిట్యూడ్ పరీక్ష, నాలుగు ముక్కల ఇంగ్లీషు, ఇంతే చూశాయి. సివిల్ చదివినవారిని, మెకానికల్ చదివినవారిని కూడా అదే బల్ల దగ్గర కూర్చోబెట్టి అదే ఉద్యోగానికి తీసుకున్నాయి. వంతెన కట్టడం నేర్చినవాడు ఏదో దూరదేశపు బీమా సంస్థ దరఖాస్తులను సరిచూసే ప్రోగ్రాముకు పరీక్షలు చేస్తూ కూర్చున్నాడు. అప్పుడు కాలేజీకి తెలిసివచ్చింది: పాఠం లోతు ఎవరికీ అక్కరలేదు, మార్కుల పత్రం ఉంటే చాలు!

ప్రయోగశాలలో యంత్రాలు దుమ్ము పట్టాయి. ప్రాజెక్టులు ఫొటోస్టాట్ దుకాణాల్లో కొనుక్కొనే సరుకయ్యాయి. మంచి విద్యార్థులందరినీ కంపెనీలు తీసుకుపోగా, ఉద్యోగం దొరకనివారే తక్కువ జీతానికి అదే కాలేజీలో పాఠాలు చెప్పే స్థితి ఏర్పడింది. గురువు బలహీనుడైతే మరుసటి తరం శిష్యుడు ఎలా బలపడతాడు? మదరసాలో ఒక గ్రంథాన్ని ఉస్తాదు ముందు కూర్చొని పంక్తి పంక్తికీ చదివి, అర్థం ఒప్పజెప్పి ముందుకు సాగిన మాబోటివారికి ఈ లోటు ఎంత పెద్దదో సులభంగా తెలుస్తుంది.

ఆ లోటును పూడ్చడానికి అమీర్‌పేట ఉన్నదన్నారు. నిజమే, అక్కడ కష్టపడి చెప్పే ఉపాధ్యాయులు ఉన్నారు. తక్కువ ఖర్చుతో పని నేర్పి ఎందరినో నిలబెట్టారు. కానీ ఆ గోడల మీది బోర్డులను గుర్తుచేసుకోండి. ఒక ఏడు కోబాల్, ఒక ఏడు జావా, తర్వాత శాప్, టెస్టింగ్, క్లౌడ్, డేటా సైన్స్. విదేశాల్లో ఏ పనికి గిరాకీ పుడితే ఇక్కడ ఆ బోర్డు లేస్తుంది. నలభై అయిదు రోజుల్లో పనిముట్టును చేతికిస్తారు. ఆ పనిముట్టు ఎందుకు అలా పనిచేస్తుందో చెప్పే తీరిక చెప్పేవాడికీ ఉండదు, వినేవాడికీ ఉండదు.

ఆర్డరు తగ్గినప్పుడు

దూరదేశపు ఆర్డరు మీద కట్టిన చదువుకు ఆ దేశపు గాలి మారగానే వణుకు పుడుతుంది. 2004లో హెచ్-1బి పరిమితి తిరిగి 65,000కు దిగింది. 2008–09 ఆర్థిక మాంద్యంలో చేతిలో ఆఫర్ లెటర్ ఉన్న పిల్లలు నెలల తరబడి ఇళ్లలో కూర్చున్నారు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అదే ఏడాది జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామని తెలిపింది.

వీటన్నిటికంటె లోతైన మార్పు మరొకటి. ఇంతకాలం కొత్తగా చేరిన పిల్లలకు అప్పగించిన చిన్న చిన్న పనులను, అంటే తేలికపాటి కోడ్ వ్రాయడం, తప్పులు వెదకడం, పరీక్షించడం వంటివాటిని కృత్రిమ మేధ చాలావరకు చేయగలుగుతున్నది. నిచ్చెన తీసివేయలేదు గాని, కింది మెట్లు అరిగిపోతున్నాయి. మన కాలేజీలు సరిగ్గా ఆ కింది మెట్టుకే పిల్లలను తయారుచేశాయి. అయినా 2024–25 నుండి ఒక్కో శాఖలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తివేయడంతో, కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సుల సీట్లు ఇంకా పెరుగుతున్నాయి. నకిలీ అనుభవ పత్రం ఈ ఇరుకులోనే పుట్టింది. కింది మెట్టు లేనప్పుడు పై మెట్టు ఎక్కినట్లు కాగితం సృష్టించడమే దాని పని.

కాతిబుల అనుభవం

మాకు ఈ సందర్భంలో కాతిబులు గుర్తుకు వస్తారు. మా విద్యార్థి దశలో ఉర్దూ పత్రికలు చాలావరకు కాతిబుల చేతివ్రాతతోనే వెలువడేవి. కలం మొన వేసే చుక్కతో అక్షరపు ఎత్తును, వంపును కొలిచేవారు. 1981లో నూరీ నస్తలీఖ్ అనే కంప్యూటర్ లిపి వచ్చింది. 1990ల మధ్య నుండి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ దానిని బల్ల బల్లకూ చేర్చింది. చూసి దించడం మాత్రమే తెలిసిన కాతిబులు ఒక్కసారిగా పని కోల్పోయారు. అయితే ఆ యంత్రానికి నస్తలీఖ్ నేర్పినది ఎవరు? అహ్మద్ మీర్జా జమీల్ అనే ఖుష్‌నవీసు. దాదాపు 20,000 అక్షర సంయోగాలను ఆయన తన చేతితో వ్రాసి యంత్రానికి అందించారు. అక్షరపు నియమం తెలిసినవాడి దగ్గరకు యంత్రం శిష్యునిగా వచ్చింది. నియమం తెలియనివాడి బల్లను అది ఆక్రమించింది.

ఏడో లక్ష

మరుసటి రోజు ఆ అబ్బాయిని పిలిపించి ఇలా అన్నాము: “బేటా, ఆ కాగితం సంగతి తర్వాత. మేము సిరాజీలో చెప్పే వారసత్వపు వాటాల లెక్కకు ఒక ప్రోగ్రాము వ్రాసి చూపించు.”

వారం తిరగకుండా వ్రాసి తెచ్చాడు. ఒక లెక్క ఇచ్చాము. ఒక స్త్రీ మరణించింది. సంతానం లేదు, తల్లిదండ్రులు లేరు. భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఆస్తి ఆరు లక్షలు. అతని ప్రోగ్రాము భర్తకు సగం, అంటే మూడు లక్షలు చూపింది. సోదరీమణులకు మూడింట రెండు వంతులు, అంటే నాలుగు లక్షలు చూపింది. “మొత్తం ఎంత?” అని అడిగాము. అబ్బాయి తెల్లబోయాడు. ఆరు లక్షల ఆస్తి నుండి అతని యంత్రం ఏడు లక్షలు పంచిపెట్టింది!

వాటాలు మొత్తాన్ని మించినప్పుడు ఆరు భాగాలను ఏడుగా చేసి, అందరి వాటాను ఒకే నిష్పత్తిలో తగ్గించే ‘అవ్ల్’ నియమాన్ని వివరించాము. భర్తకు ఏడింట మూడు, సోదరీమణులకు ఏడింట నాలుగు. అబ్బాయి చాలాసేపు కాగితం మీద భిన్నాలు వేసుకున్నాడు. ఆ తర్వాత అతడు అన్న మాట మమ్మల్ని బాధపెట్టింది: “నాలుగేళ్లలో నేను వ్రాసిన ప్రోగ్రాము తప్పని ఎవరూ చూపించలేదు హజ్రత్. రన్ అయిందా, మార్కులు వేశారు.”

రెండు నెలలు అతడు ప్రతి సాయంత్రం వచ్చాడు. ఒక్కొక్క నియమాన్ని ముందు మాటల్లో వ్రాసి, తర్వాత లెక్కగా, తర్వాత ప్రోగ్రాముగా మార్చాడు. మాకు కంప్యూటర్ తెలియదు, అతనికి ఫరాయిజ్ తెలియదు. అయినా తప్పు ఎక్కడ ఉన్నదో ఇద్దరం కలిసి పట్టుకోగలిగాము.

తల్లిదండ్రులు చూడవలసినవి

ప్రియ పాఠకులారా! పిల్లలను సాఫ్ట్‌వేర్ వైపు పంపవద్దని మేము చెప్పడం లేదు. పంపే ముందు కొన్ని విషయాలు చూడమంటున్నాము. కాలేజీ ఫ్లెక్సీ మీద ఉన్న జీతాల అంకెలు కాదు, అక్కడి అధ్యాపకులు ఎంతకాలంగా ఉన్నారో అడగండి. మీ బిడ్డకు గణితం మీద ఇష్టం లేకపోతే, పక్కింటి పిల్లవాడు చేరాడని కంప్యూటర్ సైన్స్‌లో చేర్చవద్దు. ఎలక్ట్రికల్, సివిల్ పనులూ, ఐటీఐ విద్యలూ గౌరవానికి తక్కువైనవి కావు. చదివే రోజుల్లోనే తన చేతితో ఒక పూర్తి పని చేయమని ప్రోత్సహించండి. మీ కిరాణా కొట్టు ఖాతా అయినా సరే, మొహల్లా మస్జిదు లెక్కలైనా సరే. తాను చేసినదాన్ని మాతృభాషలో మీకు అర్థమయ్యేట్లు చెప్పగలుగుతున్నాడా అని వినండి. చెప్పలేకపోతే అది ఇంకా అతనికి రాలేదని అర్థం.

అనుభవ పత్రం కొనే మాట ఇంట్లో వినిపిస్తే మొదటి రోజే ఆపండి. అది బయటపడితే ఉద్యోగం పోతుంది. బయటపడకపోతే, ప్రతి నెలా ఇంటికి వచ్చే జీతంలో ఆ అబద్ధం కలిసే వస్తుంది. పైగా ప్రతి నకిలీ పత్రం మరొక నిజాయితీపరుడైన ఫ్రెషర్ దరఖాస్తును అనుమానంతో పక్కన పెట్టిస్తుంది.

ఆ అబ్బాయి చివరకు ఆ పత్రం కొనలేదు. ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న సంస్థలో ఫ్రెషర్‌గానే చేరాడు. ప్రస్తుతానికి అతని జీతం తండ్రి ఆటో సంపాదన కంటె తక్కువే. ఇంటర్వ్యూలో ఏమి అడిగారని మేము విచారించగా, “ఏడో లక్ష ఎక్కడి నుండి వచ్చిందని అరగంట అడిగారు హజ్రత్” అన్నాడు. ఈసారి అతడు తల వంచుకోలేదు.