విద్యుత్ వాహన బ్యాటరీల పునర్వినియోగం

విద్యుత్ వాహన బ్యాటరీల పునర్వినియోగం అనగా వాహనాలలో వాడి తీసివేసిన బ్యాటరీలను పారవేయక, ముందుగా ఇతర అవసరాలకు ఉపయోగించి, ఆపై వాటిలోని లోహాలను వెలికితీసి కొత్త బ్యాటరీల తయారీకి మరల అందించే విధానం. గోదావరి డెల్టా వంటి ప్రాంతాలలో ఇది ఆర్థిక విషయమే కాక, తాగునీటి రక్షణకు సంబంధించిన విషయం కూడా.

బ్యాటరీల రకాలు

ఈ-రిక్షాలలో సీసం-ఆమ్లం బ్యాటరీలు విరివిగా వాడుకలోకి వచ్చాయి. వీటిలో సీసం, గంధకామ్లం ఉంటాయి. నేటి విద్యుత్ స్కూటర్లు, కార్లలో ప్రధానంగా లిథియం-అయాన్ బ్యాటరీలు ఉంటాయి. వీటిని 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ తొలిసారిగా విపణిలోకి తెచ్చింది. వీటి అభివృద్ధికి జాన్ గుడ్ఇనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. లిథియం-అయాన్ బ్యాటరీలలో కొన్ని నికెల్, మాంగనీసు, కోబాల్టులతోను, మరికొన్ని ఇనుము, ఫాస్ఫేటులతోను తయారవుతాయి. రెండవ రకంలో ఖరీదైన లోహాలు తక్కువ కనుక వాటి నుండి వచ్చే రాబడి కూడా తక్కువ.

రెండవ వినియోగం

బ్యాటరీ సామర్థ్యం తొలినాటి దానిలో సుమారు 70-80 శాతానికి తగ్గినపుడు అది వాహనానికి అంతగా పనికిరాదు. అయినను సౌరవిద్యుత్తు నిల్వకు, ఇన్వర్టర్లకు పనికివస్తుంది. ఇందుకు ముందుగా ఒక్కొక్క ఘటాన్ని పరీక్షించి, బలహీనమైన వాటిని వేరుచేయవలెను. అధిక వేడి తగలనీయకుండుట, పూర్తిగా ఖాళీ కానీయకుండుట వలన బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది.

లోహాల వెలికితీత

మిగిలిన విద్యుత్తును తీసివేసి, బ్యాటరీని విడదీసి, యంత్రాలలో నలగగొట్టగా నల్లని పొడి లభిస్తుంది. దీనిని ఆమ్లాలలో కరిగించి లిథియం, కోబాల్టు, నికెల్ లవణాలను వేరుచేస్తారు. కొలిమిలో కరిగించే పద్ధతి కూడా ఉన్నది, కాని అందులో లిథియం చాలావరకు లోహమలంలో కలిసిపోతుంది.

చట్టం

భారత ప్రభుత్వం 2001 నాటి నియమాల స్థానంలో 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలను ప్రకటించింది. వీటి ప్రకారం వాడిన బ్యాటరీలను సేకరించి పునఃశుద్ధి చేయించే బాధ్యత ఉత్పత్తిదారులదే. వాటిని భూమిలో పూడ్చుట, కాల్చుట నిషేధం. విద్యుత్ వాహన బ్యాటరీల నుండి తిరిగి పొందవలసిన పదార్థాన్ని 2024-25కు 70 శాతంగా, 2025-26కు 80 శాతంగా, 2026-27 నుండి 90 శాతంగా నిర్ణయించారు.

తెలుగు రాష్ట్రాలలో

తిరుపతి ప్రాంతంలో ఆరంభమైన అమరరాజా సంస్థ లిథియం ఘటాల కర్మాగారానికి 2023 మే 6న మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో శంకుస్థాపన జరిగింది. ఇదే సంస్థ తమిళనాడులోని చెయ్యారులో సీసం పునఃశుద్ధి కర్మాగారాన్ని నెలకొల్పింది. హైదరాబాదులోని సీ-మెట్ కేంద్రం ఎలక్ట్రానిక్ వ్యర్థాల నుండి లోహాలను వెలికితీసే పద్ధతులపై పరిశోధన చేస్తున్నది.

గోదావరి డెల్టాలో ప్రాముఖ్యం

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వలన డెల్టా అంతటా కాలువలు విస్తరించాయి. సముద్రతీర గ్రామాలలో భూగర్భజలం ఉప్పగా ఉండుట వలన కాలువనీటితోనే మంచినీటి చెరువులను నింపుతారు. కావున పాత బ్యాటరీని పగులగొట్టి ఆమ్లాన్ని కాలువలోనో, మురుగుకోడులోనో పారబోస్తే సీసం ఆ నీటిలో చేరే ప్రమాదం ఉన్నది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని విప్పితే మంటలు లేవవచ్చు. అందువలన పాత బ్యాటరీలను పాత ఇనుప సామాన్ల వారికి అమ్మక, విక్రేతకు గాని, నమోదైన పునఃశుద్ధి సంస్థకు గాని అప్పగించుట శ్రేయస్కరం.