తెలిసిన నీరే తీర్థం

నీటికి ‘నారము’ అని పేరు. ఆ నారమే నివాసంగా గలవాడు కనుక స్వామి నారాయణుడయ్యాడు. చెంబెడు నీళ్లు తలపై పోసుకునేటప్పుడు కూడా గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరులను స్మరించడం మీ ఇంటి పెద్దలు మీకు నేర్పే ఉంటారు. ఆ పెద్దలే నేర్పిన మాట మరొకటి ఉంది. నీటికి మొక్కాలి, ఆ నీటిని తెలుసుకున్నాకే దిగాలి.

సిద్దిపేట జిల్లాలోని మర్కూక్ పరిసరాలలో ఏడాది పొడవునా పారే నది లేదు. రాతినేల మీద చెరువులు, వ్యవసాయ బావులే ఒకప్పటి జలాధారాలు. ఎద్దులు మోట లాగిన ఆ బావులే వేసవి వస్తే పిల్లలకు ఈత బడులు. నడుముకు ఎండిన ఆనపకాయ బుర్రో, బెండ్లో కట్టి, మోకు కొస తాను పట్టుకుని, మేనమామో బాబాయో పిల్లవాణ్ని నీటిలోకి దింపేవాడు. ఏ మెట్టు దాకా నీరుంది, ఏ మూల రాయి పొడుచుకొచ్చింది, చెరువులో తూము దగ్గరకు ఎందుకు పోరాదు అన్నవి ఈతతో పాటే వచ్చే పాఠాలు. కట్ట మీద మైసమ్మకు దండం పెట్టి దిగడంలో భక్తితో పాటు భయమూ ఉండేది. ఆ భయమే రక్ష. అన్ని బావులూ అందరికీ తెరిచి ఉండేవి కావన్నదీ, ఆడపిల్లలకు ఈత నేర్పినవారు తక్కువన్నదీ మాత్రం మనం ఒప్పుకోవలసిన లోపాలు.

శాస్త్రం చెప్పిన జాగ్రత్త

స్నానవిధిని చెప్పిన మన స్మృతులు ఎంత లౌకికంగా ఆలోచించాయో గమనించండి. భోజనం చేసిన వెంటనే, అస్వస్థతలో, నడిరేయి స్నానం చేయరాదని, లోతుపాతులు తెలియని జలాశయంలో దిగరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయం స్పష్టంగా నిషేధించింది. పరుల జలాశయంలో స్నానం చేయదలచినవాడు ముందుగా ఐదు మట్టి ముద్దలు వెలికి తీయాలని యాజ్ఞవల్క్య స్మృతి విధించింది. దిగిన ప్రతివాడూ ఐదు ముద్దల పూడిక తీస్తే ఆ చెరువు ఎన్నటికైనా పూడుతుందా? నీటిని అనుభవించేవాడు నీటికి ఋణపడి ఉంటాడన్నదే ఇందులోని ధర్మం.

ఆ ఋణాన్ని మన తరం మరచింది. బోరుబావులు వచ్చి, రాతిపొరల నడుమ దాగిన నీటిని తోడసాగాయి. పైపొరలోని ఊట ఇంకిపోయింది. మెట్ట ప్రాంతాలలో ఎన్నో బావులు ఎండి, ముళ్లకంపతోను చెత్తతోను నిండాయి. బావితో పాటు ఈత నేర్పే మేనమామ కొలువూ పోయింది.

గోదావరి వచ్చిన వేళ

2020 మే 29న మర్కూక్ పంప్‌హౌస్ నుంచి గోదావరి జలాలు కొండపోచమ్మ సాగర్‌లోకి దూకాయి. ఆ రోజు కొండపోచమ్మ ఆలయంలో చండీయాగం, పంప్‌హౌస్ వద్ద సుదర్శన యాగం జరిగాయి. త్రిదండి చినజీయర్ స్వామి విచ్చేశారు. 15 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన ఆ జలాశయం కోసం బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి గ్రామాల ప్రజలు తమ ఊళ్లు విడిచారు. వారి తాతలు ఈదిన బావులు కూడా ఊళ్లతోనే పోయాయి. ఇంటి ముంగిటికి గోదావరి రావడం భాగ్యమే. కాని మెట్లున్న బావి వేరు, కట్ట పొడవునా ఏటవాలుగా లోతుకు జారే జలాశయం వేరు. అక్కడ తాతలకు తెలిసిన లోతు లేదు, మోకు పట్టే చెయ్యి లేదు.

2025 జనవరి 11న, సంక్రాంతికి మూడు రోజుల ముందు, హైదరాబాద్ నుంచి ఏడుగురు యువకులు ఆ సాగర్‌ను చూడవచ్చారు. వారిలో ఐదుగురు నీట మునిగి మరణించారు. పండుగ పిండివంటల వేళ ఐదు ఇళ్లలో దీపాలు ఆరాయి. వారిని నిందించి మనం చేతులు దులుపుకోలేము. నీటిని తెలుసుకునే చోటు మన పిల్లలకు మనం మిగల్చలేదు.

భారతంలోని యక్షప్రశ్నల ఘట్టం మీకు తెలిసినదే. దాహంతో వచ్చిన నలుగురు తమ్ములూ వినవచ్చిన హెచ్చరికను పెడచెవిన పెట్టి ఒడ్డునే కుప్పకూలారు. ధర్మరాజు మాత్రం ఆగాడు, విన్నాడు, బదులు చెప్పాడు, తమ్ములను బ్రతికించుకున్నాడు. శౌర్యంలో తమ్ములకు తీసిపోయినా, ఆగడం తెలిసినవాడే అందరినీ కాపాడాడు. ఈనాడు జలాశయాల కట్టలపై కనిపించే హెచ్చరిక ఫలకాన్ని ఆ యక్షుని పలుకుగా భావించండి.

ఈ వేసవిలో మీ ఇంటి మగపిల్లలకూ ఆడపిల్లలకూ తెలిసిన నీటిలో, తెలిసినవారి చేతుల మీదుగా ఈత నేర్పించండి. జలాశయాల వద్ద ఒడ్డునే నిలిచి గోదారమ్మకు నమస్కరించమని చెప్పండి. నీళ్లు శిరసున చల్లుకున్నా పుణ్యానికి లోటుండదు. మీ ఊళ్లో పూడిన బావి ఒకటి ఉంటే, పదిమందీ కలిసి, ఊటలు తెలిసినవారిని వెంట పెట్టుకుని దాని పూడిక తీయించండి. యాజ్ఞవల్క్యుడు అడిగినవి ఐదు ముద్దలే.