మదనపల్లె ప్రాంత ప్రాథమిక పాఠశాలలు - సంగీత విద్య: పాట, శ్రుతి, లయ, బోధనమార్గం

వ్యాససంగ్రహం:
ప్రాథమిక పాఠశాలలో ప్రతి ఉదయం పాట వినిపిస్తుంది. ఆ పాటను నేర్పడానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు మాత్రం ఉండడు. ఈ వైరుధ్యానికి గల కారణాలను, ఉన్న ఉపాధ్యాయుడితోనే సంగీత బోధన సాగించే మార్గాన్ని మదనపల్లె, పెద్దతిప్పసముద్రం, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం. తెలుగు ఛందస్సు, జానపద గేయం, పద్యపఠనం ఈ బోధనకు ఎలా ఆధారాలవుతాయో ఇందులో చర్చింపబడింది.

కీలకపదాలు: ప్రాథమిక విద్య, సంగీత బోధన, శ్రుతి, గతి, రగడ, పద్యపఠనం, జానపద గేయం, మదనపల్లె.

1. ఉపోద్ఘాతం:
పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను ‘పడమటి మండలాలు’ అని వ్యవహరిస్తారు. కర్ణాటక సరిహద్దున ఉన్న పెద్దతిప్పసముద్రం వీటిలో ఒకటి. తెలుగుతోపాటు కన్నడం, కుప్పం వైపు తమిళం వినిపించే నేల ఇది. యక్షగానాలు రచించిన తరిగొండ వెంగమాంబ పుట్టిన తరిగొండ కూడా ఈ పరిసరాల్లోనిదే. ఇంతటి గేయసంపద ఉన్న చోట బడిలో సంగీతం స్థానం ఏమిటన్నది పరిశీలించదగిన విషయం.

2. 1919: మదనపల్లెలో ఒక స్వరలేఖనం:
అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేసినప్పుడు ప్రిన్సిపాల్‌గా ఉన్నవారు జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతంలో పట్టం పొందిన విదుషి. ఠాగూర్ ‘జనగణమన’ను అక్కడి విద్యార్థుల ముందు పాడారు. దాని ఆంగ్లానువాదాన్ని అక్కడే సిద్ధం చేశారు. ఆ బాణీకి స్వరలిపి రూపొందడంలో మార్గరెట్ కజిన్స్ తోడ్పడ్డారు.

ఈ సందర్భంలో ఒక భేదాన్ని గుర్తించాలి. జాతీయగీతానికి మదనపల్లెలో బాణీ కట్టారని తరచుగా చెబుతుంటారు. ఆ గీతం 1911 డిసెంబరు 27ననే కలకత్తా కాంగ్రెస్ మహాసభలో పాడబడింది. కాబట్టి మదనపల్లెలో జరిగినది బాణీ పుట్టుక కాదు, అనువాదం, స్వరలేఖనం. విద్యాదృష్టితో చూస్తే ఈ రెండోదే విలువైనది. ఒకరి గొంతులో ఉన్న పాటను ఇతరులు నేర్చుకోగల రూపంలోకి తేవడమే బోధనకు తొలిమెట్టు. 1950 జనవరి 24న ఈ గీతం జాతీయగీతంగా స్వీకరింపబడిన తరువాత దేశంలోని ప్రతి బడికీ చేరింది.

అదే 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడి, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులయ్యారు. విద్వాంసులను తయారుచేసే విద్యకు ఈ విధంగా సంస్థాగతమైన రూపం ఏర్పడింది. సామాన్య బాలుడికి అందవలసిన సంగీతానికి అటువంటి రూపం ఏర్పడలేదు.

3. చట్టంలోని ఖాళీ:
విద్యాహక్కు చట్టం-2009 అనుబంధం ప్రకారం 1 నుంచి 5 తరగతులున్న బడిలో 60 మంది వరకు విద్యార్థులకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. 100 మందికి మించి విద్యార్థులున్నప్పుడు కళావిద్యకు పాక్షికకాల (పార్ట్‌టైమ్) బోధకుడు ఉండాలన్న నియమం 6 నుంచి 8 తరగతులకే పరిమితం. ప్రాథమిక దశకు అటువంటి నియమం లేదు. పిల్లవాడి చెవి, గొంతు సులభంగా మలచబడే వయసులోనే చట్టం మౌనం వహించింది.

ఇదే అనుబంధం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నిర్దేశించింది. రోజుకు పది నిమిషాలు పాటకు కేటాయించినా ఏడాదికి 33 గంటలకు పైగా సమకూరుతుంది. మొత్తం బోధనకాలంలో ఇది నాలుగు శాతం కన్న కొంచెం ఎక్కువ. కాబట్టి సమస్య కాలాభావం కాదు, ఆ పది నిమిషాల్లో ఏమి చేయాలన్న స్పష్టత లేకపోవడం. జాతీయ విద్యావిధానం-2020 స్థానిక కళాకారులను బోధనలో భాగస్వాములుగా చేసుకోవాలని సూచించింది. ఈ సూచనను గ్రామస్థాయిలో అన్వయించడానికి పడమటి మండలాలు అనువైనవి.

4. శ్రుతి - జాతీయగీతమే తొలి పాఠం:
ఒకటో తరగతి పిల్లవాడు బడిలో రోజూ పాడే పాట జాతీయగీతం. దాని పూర్తి గానకాలం సుమారు 52 సెకన్లు. బాణీ హిందూస్తానీ బిలావల్ ఛాయలో, కర్ణాటక పద్ధతిలో శంకరాభరణానికి దగ్గరగా సాగుతుంది. ఆరంభ భాగంలోనే అది మంద్ర నిషాదాన్ని తాకుతుంది. చివరి జయఘోషలో తారాషడ్జాన్ని అందుకుంటుంది. అంటే పాడేవారి గొంతు ఒక స్థాయికి మించి తిరగాలి.

సామాన్యంగా ఎవరో ఒకరు తమకు తోచిన శ్రుతిలో పాట ఎత్తుకుంటారు. ఆ ఎత్తుగడ హెచ్చయితే జయఘోష కేకగా మారుతుంది. తగ్గితే తొలి పాదాలు గొంతులోనే అణగిపోతాయి. ఈ గీతాన్ని పిల్లలు ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య ఎత్తుకుంటే వారికి సుఖంగా ఉంటుంది. పురుష ఉపాధ్యాయుడు అదే శ్రుతిలో ఒక స్థాయి కింద పాడి నడిపించవచ్చు. అయిదు, అయిదున్నర శ్రుతిలో పాడే అలవాటున్న ఉపాధ్యాయిని తన శ్రుతిని పిల్లలపై మోపకుండా ఈ మేరకు మార్చుకోవాలి. ఫోనులో దొరికే శ్రుతిపెట్టెను అర నిమిషం వినిపించి, పిల్లలచేత పెదవులు మూసి ఆ నాదాన్ని పలికించి, తరువాత పాట మొదలుపెట్టడం చాలు. శ్రుతిని వినడం నేర్వడమే సంగీత విద్యలో తొలి పాఠం.

5. లయ - ఛందస్సుతో అనుబంధం:
తెలుగు బోధించే ఉపాధ్యాయుడికి తాళజ్ఞానం పూర్తిగా కొత్తది కాదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అన్న లెక్క అతనికి తెలుసు. రగడల నడకలు సంగీతంలోని గతులకు సరిగ్గా సరిపోతాయి. మూడు మాత్రల గణాలతో నడిచే తురగవల్గన రగడ త్రిశ్రగతి. నాలుగు మాత్రల మధురగతి చతురశ్రగతి. అయిదు మాత్రల ద్విరదగతి ఖండగతి. మూడు, నాలుగు మాత్రలు కలిసి నడిచే వృషభగతి మిశ్రగతి. వీటినే తకిట, తకధిమి, తకతకిట, తకిటతకధిమి అనే జతులుగా చప్పట్లతో పలికిస్తే, పేర్లు తెలియకుండానే పిల్లలు గతిభేదాన్ని గ్రహిస్తారు. కోలాటం, చెక్కభజన, చెమ్మచెక్క వంటివి ఇందుకు సహజమైన సాధనాలు.

పద్యం స్థితి దీనికి భిన్నం. ఆటవెలదిలో సూర్యగణానికి మూడు మాత్రలు. ఇంద్రగణానికి నాలుగు గాని, అయిదు గాని ఉండవచ్చు. అందువల్ల వేమన పద్యాన్ని సమతాళంలో బిగిస్తే మాట విరిగిపోతుంది. పద్యం తాళబద్ధం కాకుండా రాగంలో, విరామాలతో, అర్థాన్ననుసరించి సాగాలి. పాట తాళాన్ని నేర్పితే పద్యం రాగాన్ని, ఉచ్చారణను, ఊపిరి నిలపడాన్ని నేర్పుతుంది. శతకపద్యాల కంఠపాఠాన్ని కేవలం జ్ఞాపకశక్తికి పరీక్షగా చూడడం వల్ల ఈ ప్రయోజనం మరుగున పడుతోంది.

6. స్వరం - ఎక్కడ మొదలుపెట్టాలి?:
కర్ణాటక సంగీతాభ్యాసం మాయామాళవగౌళలో సరళీస్వరాలతో ఆరంభమవుతుంది. ఈ క్రమాన్ని పురందరదాసు ఏర్పరచినట్లు సంప్రదాయం. గురుముఖంగా, ఏళ్లతరబడి సాగే విద్యకు ఇది ఉత్తమమైన పునాది. ముప్పైమంది పిల్లలున్న తరగతి పరిస్థితి వేరు. హంగరీ దేశపు స్వరకర్త జోల్తాన్ కొడాయ్ (1882-1967) మాతృభాషవలెనే జానపద గేయం పిల్లవాడి సంగీత మాతృభాష అని భావించి, కొద్ది స్వరాల బాలగేయాలతో మొదలుపెట్టి అయిదు స్వరాలకు విస్తరించే పద్ధతిని ప్రచారం చేశాడు. ఆ అయిదు స్వరాలూ మన మోహన రాగస్వరాలే. అర్ధస్వరాంతరాలు లేకపోవడంవల్ల పిల్లలు మోహనలో సులభంగా నిలబడగలరు. తెలిసిన పల్లెపాటలతో మొదలై, మోహన స్వరాలను చేతిగుర్తులతో పాడించి, ఆసక్తి చూపినవారిని సరళీస్వరాలకు నడిపించడం ఇక్కడి బడులకు తగిన క్రమం.

7. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆచరణ:
వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉండే బడికి పరిష్కారం కూడా ఈ ప్రాంతంలోనే పుట్టింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం బహుళతరగతి బోధనకు ‘అభ్యసన నిచ్చెన’ను రూపొందించింది. అందులో ప్రతి మైలురాయికి పరిచయం, దృఢీకరణ, మూల్యాంకనం, దిద్దుబాటు, విస్తరణ అనే అయిదు రకాల కార్డులుంటాయి. కర్ణాటకలోని నలికలి, తమిళనాడులోని కార్యాచరణ ఆధారిత బోధన ఈ ప్రయోగం నుంచే స్ఫూర్తి పొందాయి.

ఇదే నిచ్చెనను సంగీతానికి అన్వయించవచ్చు. ఒక కొత్త పాట వినడం పరిచయం. దాన్ని చప్పట్లతో పాడడం దృఢీకరణ. శ్రుతి తప్పకుండా జంటగా పాడడం మూల్యాంకనం. తడబడినవారు పెద్ద పిల్లలతో కలిసి పాడడం దిద్దుబాటు. ఇంటినుంచి మరొక పాట సేకరించి తేవడం విస్తరణ. ఈ అమరికలో తరగతి భేదం ఆటంకం కాదు. ఐదో తరగతి బాలిక ఒకటో తరగతి పిల్లలకు పాట నేర్పగలదు.

8. జాగ్రత్తలు:
చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల వద్ద జరిగే భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. హార్మోనియం, మద్దెల, తాళాలు వాయించే కళాకారులు ఆ ఊళ్లవారే. వారిని బడికి పిలిచినప్పుడు వేడుకకు వచ్చిన అతిథులుగా కాక బోధకులుగా గౌరవించాలి, ప్రతిఫలం చెల్లించాలి. అన్ని మతాల పిల్లలూ ఉండే ప్రభుత్వ బడిలో భక్తిగేయాలతోపాటు పనిపాటలు, ఆటపాటలు, ఉయ్యాలపాటలు సమంగా ఉండాలి. ఇంట్లో కన్నడమో, తమిళమో, ఉర్దూవో మాట్లాడే పిల్లల పాటకూ చోటు దక్కాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది మూల్యాంకనం. ‘నీకు గొంతు లేదు’ అన్న మాట విన్న పిల్లవాడు మళ్లీ నోరు తెరవడు. శ్రుతి కలవకపోవడం చాలా సందర్భాల్లో వినడంలో అభ్యాసలోపమే గాని గొంతులోపం కాదు. వార్షికోత్సవానికి బాగా పాడే అయిదుగురిని ఎంపిక చేసి తక్కినవారిని ప్రేక్షకులుగా కూర్చోబెట్టడం సంగీత విద్య అనిపించుకోదు.

9. ముగింపు:
- ప్రాథమిక దశలో సంగీత బోధకుడిని చట్టం కోరలేదు. అందువల్ల ఆ బాధ్యత తరగతి ఉపాధ్యాయుడిపైనే, విశేషించి తెలుగు బోధించేవారిపైనే నిలుస్తోంది.
- శ్రుతికి జాతీయగీతం, తాళానికి ఆటపాట, రాగానికి పద్యం బడిలో ఇప్పటికే ఉన్న పాఠ్యసామగ్రి.
- రగడల గతిజ్ఞానాన్ని ఉపాధ్యాయ శిక్షణలో చేరిస్తే ఛందస్సు, సంగీతం రెండూ తరగతి గదిలో సజీవమవుతాయి.
- జానపద గేయాలను సేకరించే పరిశోధకులు సాహిత్యంతోపాటు బాణీని, గతిని, స్వరపరిధిని నమోదు చేస్తే వారి కృషి పల్లెబడికి నేరుగా ఉపకరిస్తుంది.

1919లో మదనపల్లెలో ఒక పాట స్వరలిపిలోకి వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో స్వరలేఖనం కోసం, పిల్లల గొంతుల కోసం ఎదురుచూస్తున్న పాటలు ఇంకా ఉన్నాయి. వాటిని పాడే తరం కనుమరుగు కాకముందే ఆ పని పూర్తి కావలసి ఉంది.