తూటాకు మళ్లీ మందు కూరడం

పేలిన తూటాలో మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, అడుగున ఉండి మందుకు నిప్పంటించే ప్రైమర్ పనైపోతుంది. మిగిలేది ఇత్తడి తొడుగు. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఈ లోహం పేలుడు క్షణంలో ఉబ్బి తుపాకి గోడకు అతుక్కుంటుంది, వాయువును వెనక్కి రానివ్వదు. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని ఊడివస్తుంది. అందుకే దాన్ని సరిచేసి మళ్లీ నింపుకోవచ్చు.

1866 ప్రాంతంలో ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బెర్డాన్ అనే ఇద్దరు కర్నళ్లు రెండు రకాల ప్రైమర్లు తెచ్చారు. బెర్డాన్ తొడుగులో నిప్పు వెళ్లే రంధ్రాలు పక్కలకు ఉంటాయి. బాక్సర్ తొడుగులో నట్టనడుమ ఒకటే రంధ్రం. అందులోంచి సూది దించితే కాలిన ప్రైమర్ ఊడిపడుతుంది. విచిత్రంగా అమెరికన్లు ఇంగ్లండు పద్ధతినే పట్టుకున్నారు. ఇంట్లో తూటాలు నింపుకునే అలవాటు అక్కడ వేళ్లూనడానికి ఈ రంధ్రం పెద్ద ఆసరా. 1884లో న్యూహేవెన్‌లో జాన్ బార్లో నెలకొల్పిన ఐడియల్ కంపెనీ పట్టకారు ఆకారపు చేతి పనిముట్లను వేటగాళ్లకు అందించింది.

అదే ఏడు ఫ్రాన్స్‌లో పాల్ వియీ పొగలేని మందు తయారుచేశాడు. అసలు ప్రమాదం అక్కడ మొదలైందని నా అభిప్రాయం. పాత నల్లటి మందు తొడుగును దాదాపు నింపేసేది, రెండోసారి పోద్దామన్నా చోటుండేది కాదు. కొత్త మందు కొంచెమే చాలు. 1898 నాటి పాత మందు కొలతకు పుట్టిన .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా తొడుగులో ఇప్పటి మందు అడుగునే ఉండిపోతుంది. పొరపాటున రెండు మోతాదులు పడ్డా పొంగిపొర్లదు. పేల్చితే రివాల్వర్ బద్దలు కావచ్చు.

తూటాలు నింపడం కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక్కోసారి ఒక్క పనే చేసే సాదా ప్రెస్ మేలు. మందు మోతాదు ముద్రిత పట్టికలోదే, అదీ అందులోని కనీస కొలత నుంచి మొదలుపెట్టాలి. బల్ల మీద ఒక్క డబ్బా మందే ఉండాలి. నింపిన తొడుగులను గుంటల చెక్కలో నిలబెట్టి, గుండు బిగించకముందే టార్చి వేసి ఒక్కొక్కదానిలోకి తొంగి చూడాలి. ఏ ఒక్కదానిలో మందు మట్టం ఎక్కువైనా తక్కువైనా అక్కడే బయటపడుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. ప్రైమర్లలో సీసం ఉంటుంది కనుక ఆ బల్ల దగ్గర తినకూడదు, లేచాక చేతులు కడుక్కోవాలి. మన దేశంలో మాత్రం 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

మందు పడని తూటా ఇంకో ముప్పు. ప్రైమర్ ఒక్కటే పేలి గుండును గొట్టం మధ్యదాకా తోసి వదిలేస్తుంది. వెనకే మరో తూటా పేల్చితే గొట్టం చీలిపోవచ్చు. చప్పుడు నీరసంగా వినిపిస్తే ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, తుపాకిని సురక్షితమైన దిక్కుకే పట్టి ఉంచి, కాసేపాగి ఖాళీ చేయాలి. గొట్టంలో కడ్డీ దూర్చి అది అడ్డులేకుండా అవతలికి వస్తోందో లేదో చూడాలి.