హాగరును పేరుపెట్టి పిలిచిన దేవుడు

హాగరును ఆ ఇంట్లో దాసి అన్నారే తప్ప పేరుతో పిలిచినవారు లేరు. గర్భవతియై, శ్రమలు తాళలేక అరణ్యానికి పారిపోయిన ఆమెను దేవదూత నీటిబుగ్గ దగ్గర కనుగొన్నాడు. మొదట పేరుపెట్టి పిలిచాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళుతున్నావని అడిగాడు (ఆది.కాం. 16). ఆమె నోటి నుంచే ఆమె కథ విన్నాడు. మన సంఘాల్లోని ఆడపిల్లలను మనం అలా అడుగుతున్నామా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల వారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశ సగటు 6.8 శాతమే. ఈ మాట వినగానే మనం సెల్‌ఫోన్‌నూ, కాలేజీనీ నిందిస్తాం. కాని వీరిలో అత్యధికులు పెళ్లయినవారే. ఆ రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పెళ్లి కుదిర్చింది పెద్దలే. క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధువుకు 18, వరుడికి 21 ఏళ్లు నిండాలి. పుట్టినతేదీ పత్రం చూడకుండా ప్రకటనలు చదివే కాపరులం మనం కాకూడదు.

పెళ్లయిన ఏడాదికే బిడ్డ కావాలన్న ఒత్తిడి మరొకటి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారు. మాత్రలు, కాపర్-టి, కండోమ్ వంటివి వాడేవారు బహు తక్కువ. అంటే కాన్పులు ఆపడం తెలుసు, తొలి కాన్పును వాయిదా వేయడం తెలియదు. ఎదగని శరీరానికి రక్తహీనత, గుర్రపువాతం ముప్పు ఎక్కువ. దంపతులు గర్భనిరోధకాలు వాడడాన్ని ఆంగ్లికన్ బిషప్పులు 1930 లాంబెత్ సభలోనే కొన్ని పరిమితులతో అంగీకరించారు. పెళ్లికి ముందు మనమిచ్చే ఉపదేశంలో ఒక గంట విశ్వాసియైన డాక్టరుకో, నర్సుకో ఇస్తే తప్పేమిటి?

మరి పెళ్లికాని పిల్లల సంగతి? యవ్వనస్థుల కూడికల్లో పవిత్రతను బోధిస్తున్నాం, బోధించాలి కూడా. అయితే శరీరం గురించి మౌనంగా ఉండడం పవిత్రత కాదు. భయపడిన అమ్మాయి తల్లికి చెప్పలేక, డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో మాత్రలు కొని మింగి, రక్తస్రావంతో ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. విషయం బయటపడితే ఆమెను క్వయర్ నుంచి తీసేస్తాం, ప్రభువు బల్లకు దూరం చేస్తాం. అబ్బాయి పేరు ఎవరూ అడగరు. యోహాను 8వ అధ్యాయంలోనూ స్త్రీని మాత్రమే లాక్కొచ్చారు. ఆమెకు 18 నిండకపోతే 2012 నాటి పోక్సో చట్టం దృష్టిలో ఆమె బాధితురాలు. చట్టం బాధితురాలన్న బిడ్డను సంఘం దోషిగా నిలబెట్టడం న్యాయమా?

అలాంటి బిడ్డ మన గుమ్మంలోకి వస్తే ముందు కూర్చోబెడదాం, చెప్పేది విందాం, నమ్మకమైన డాక్టరు దగ్గరకు తోడుగా వెళదాం. పశ్చాత్తాపం గురించీ మాట్లాడదాం, కాని ఇద్దరితోనూ మాట్లాడదాం. అరణ్యంలో హాగరును చూసిన దేవుడు, ఆమె పట్ల మన ప్రవర్తననూ చూస్తున్నాడు.